ఇచ్చిపుచ్చుకునే బోర్డు

మఖ్తల్ దాటి కృష్ణ వంతెన ఎక్కేసరికే అవతలి ఒడ్డున శక్తినగర్ పొగగొట్టాలు కనిపించాయి. ఇవతల తెలంగాణ, వంతెన దిగితే కర్ణాటక. 1956 నవంబర్ 1 దాకా రెండు ఒడ్లూ హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉండేవి. శక్తినగర్ టీకొట్టులో కన్నడంలో మొదలైన మాట తెలుగులో ముగిసినా ఇక్కడ ఎవరికీ వింత అనిపించదు.

ఈ ఊరికి పేరు తెచ్చింది కర్ణాటక పవర్ కార్పొరేషన్ వారి రాయచూరు థర్మల్ విద్యుత్ కేంద్రం. 1985లో మొదటి యూనిట్ నడిచింది. ఇప్పుడు 210 మెగావాట్ల యూనిట్లు ఏడు, 250 మెగావాట్లది ఒకటి, మొత్తం 1720 మెగావాట్లు. బొగ్గు రైల్లో వస్తుంది, నీళ్లు కృష్ణ ఇస్తుంది. నేను మాత్రం వచ్చింది అరచేతికంటే కాస్త పెద్దదైన ఒక బోర్డు కోసం.

మా అక్కావాళ్లు ఉండేది ఇక్కడే. మేనల్లుడు ఇంజనీరింగ్ చివరి ఏడాది. "మామా, బక్‌లో బంగారంలా ఉంది, బూస్ట్‌లో పెడితే నిలబడటంలేదు" అని వారం నుంచి ఫోన్లు. వాడి గదిలో టేబుల్ మీద బోర్డు, దానికి అటొకటి ఇటొకటి పవర్ సప్లైలు, అగ్గిపెట్టె మూతలో పీకేసిన మాస్‌ఫెట్లు రెండు.

బోర్డు చేసే పని చెప్పుకోవడానికి సులువే. ఒక వైపు 48 వోల్టులు, ఇంకో వైపు 12. మధ్యలో ఒక కాయిల్, పైనొకటి కిందొకటి స్విచ్‌లా పనిచేసే మాస్‌ఫెట్. కరెంటు 48 నుంచి 12కి దిగితే బక్, 12 నుంచి 48కి ఎక్కితే బూస్ట్. సామాను అదే, దిశ మార్చేది ఒక జంపర్. బూస్ట్‌లో కింది మాస్‌ఫెట్ సుమారు నూటికి డెబ్బై అయిదు వంతుల సేపు ఆన్‌లో ఉండి కాయిల్‌లో శక్తి నింపుతుంది, మిగతా సేపట్లో అది పైకి వెళ్తుంది.

"బోర్డునీ 48 వైపు సప్లైనీ ఆపేసినా అక్కడ 11.4 వోల్టులు చూపిస్తోంది మామా. కొంచెం పనిచేస్తున్నట్టే కదా?"

అక్కడే చాలామంది మోసపోతారు. పై మాస్‌ఫెట్ లోపల ఒక డయోడ్ ఉంటుంది. బోర్డు నిద్రపోతున్నా 12 వోల్టులు దాని గుండా ఓ అర వోల్టు పోగొట్టుకుని అవతలికి చేరతాయి. 11.4 కనిపించిందంటే స్విచింగ్ మొదలే కాలేదన్నమాట.

జంపర్ సరిగానే ఉంది. "మరి 48 వైపు ఈ సప్లై ఎందుకుంది?" అన్నాను. బక్‌లో వాడినది అలాగే వదిలేశాడు. మామూలు బెంచ్ సప్లైకి ఇవ్వడమే తెలుసు, పుచ్చుకోవడం తెలియదు. బూస్ట్‌లో బోర్డు కరెంటు తోస్తుంటే అది తీసుకోలేదు, వోల్టేజి పొంగిపోతుంది, అధిక వోల్టేజి రక్షణ బోర్డును ఆపేస్తుంది. బోర్డు చేసింది సరైన పనే.

ఆ సప్లై తీసేసి 12 వోల్టుల 21 వాట్ల వాహనాల బల్బులు నాలుగు సిరీస్‌లో పెట్టాం. చల్లటి ఫిలమెంట్ ఒక్కసారిగా చాలా ఎక్కువ కరెంటు లాగుతుంది. అందుకే స్టార్ట్ చేయకముందే తగిలించాం. డయోడ్ గుండా వచ్చే ఆ కొద్దిపాటి వోల్టేజికే అవి కాస్త వేడెక్కుతాయి.

ఆన్ చేశాడు. బల్బులు వెలిగాయి, ఆరాయి. మళ్లీ వెలిగాయి, ఆరాయి. "ఇదే మామా వారం నుంచి!"

కాగితం తీయమన్నాను. నాలుగు బల్బులకు 84 వాట్లు. బోర్డులో పోయేది కలిపితే సుమారు 90. దాన్ని 12తో భాగిస్తే ఏడున్నర ఆంపియర్లు. 12 వైపు సప్లై మీద రాసి ఉన్నది 5. అంటే 60 వాట్లు ఇచ్చేదాన్ని 90 అడుగుతున్నాం. పరిమితి తగలగానే దాని వోల్టేజి పడిపోతుంది. అవతల 48 నిలబెట్టాలని బోర్డు ఇంకా ఎక్కువ కరెంటు లాగుతుంది, వోల్టేజి ఇంకా పడుతుంది. చివరికి తక్కువ వోల్టేజి రక్షణ ఆపేస్తుంది. భారం తప్పగానే సప్లై కోలుకుంటుంది, బోర్డు మళ్లీ మొదలుపెడుతుంది. దానికి తోడు సన్నటి వైర్లు. పదో వంతు ఓమ్ ఉన్నా ఏడున్నర ఆంపియర్ల దగ్గర ముప్పావు వోల్టు దారిలోనే పోతుంది.

ఇంట్లో ఇన్వర్టర్ బ్యాటరీ ఉంది. దాని ప్లస్ దగ్గరే 15 ఆంపియర్ల ఫ్యూజు పెట్టి, పొట్టి, లావు వైర్లు వేశాం. ఆన్ చేస్తే మీటర్ 48 దగ్గర ఆగింది. బల్బులు రెప్ప వేయలేదు.

థర్మల్ కేంద్రంలో డ్యూటీ దిగి వచ్చిన బావ గుమ్మంలోంచే చూసి నవ్వాడు. "మా దగ్గరా ఇంతే బామ్మర్దీ. చల్లబడిన యూనిట్‌ను లైటప్ చేయాలంటే పంపులకీ ఫ్యాన్లకీ ముందు గ్రిడ్ దగ్గరే కరెంటు పుచ్చుకోవాలి. ఇచ్చేది ఆ తర్వాత."

రాయచూరుకు ఈ మాట బాగా తగును. 2013 డిసెంబర్ 31న దక్షిణాది గ్రిడ్ మిగతా దేశంతో ఒకే ఫ్రీక్వెన్సీకి కలిసింది రాయచూరు–షోలాపూర్ 765 కిలోవోల్టుల లైను మీదనే. అప్పటిదాకా గాజువాక లాంటి చోట్ల కన్వర్టర్ల గుండానే ఇచ్చిపుచ్చుకోవడం. ఎంత పెద్ద లైనుకైనా, ఎంత చిన్న బోర్డుకైనా ముందు తేలాల్సింది ఒకటే: ఈ కొస ఎంత ఇవ్వగలదు, ఆ కొస ఎంత పుచ్చుకోగలదు. ఆ రెండు అంకెలూ కాగితం మీద పడ్డాకే సోల్డరింగ్ ఐరన్ ముట్టుకోవాలి.

బయల్దేరే ముందు అగ్గిపెట్టె మూతలోని మాస్‌ఫెట్లకు మీటర్ పెట్టి చూశాం. రెండూ బాగానే ఉన్నాయి.