తెల్లారక ముందటి నీళ్లు

బోధన్ శక్కర్‌నగర్‌లో చక్కెర ఫ్యాక్టరీ గేటు బయట కాసేపు నిలబడ్డాం. 1931లో నిజాంసాగర్ పూర్తయింది. ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ మంజీరకు వేసిన ఆ కట్ట వల్ల కాలువలు పారాయి, కాలువల వెంట చెరకు పెరిగింది, చెరకు కోసం ఫ్యాక్టరీ వెలసింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని చెప్పుకున్న ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. అక్కడి నుంచి కదలడానికి కాళ్లు రాలేదు నాకు.

వెంట వచ్చిన మిత్రుడు నిజామాబాద్‌లో కెమిస్ట్రీ చెప్తాడు. చెరకు పొలాల పక్క దారిలో ఒక మాటన్నాడు. తీపి నీళ్లు చేపకు విషం కాదు. కానీ చక్కెర మడ్డి చెరువులోకి దిగితే దాన్ని తినే బాక్టీరియా నీళ్లలోని ఆక్సిజన్‌నంతా లాగేస్తుంది, చేప ఊపిరాడక చస్తుంది. నీళ్లు మాత్రం పైకి మామూలుగానే కనబడతాయి. అందుకే సీసాలు, రసాయనాలు వెంటబెట్టుకుని బయల్దేరాడు.

కందకుర్తిలో గోదావరి, మంజీర, హరిద్ర కలిసేచోట కాళ్లు తడుపుకున్నాం. బాన్సువాడలో జొన్నరొట్టె, పచ్చిపులుసు. ఆ పచ్చిపులుసు కోసమైనా మళ్లీ వెళ్లాలి. ఎల్లారెడ్డి దాటి పోచారం చేరేసరికి ఎండ నడినెత్తిన ఉంది.

పోచారం పాత నిజామాబాద్ జిల్లాకు, మెదక్‌కు సరిహద్దు. మంజీరలో కలిసే వాగుకు అడ్డంగా 1916 నుంచి 1922 దాకా కట్టిన చెరువు అది. చుట్టూ నిజాం వేటాడిన అడవి. అదే ఇప్పుడు వన్యప్రాణి అభయారణ్యం. చలికాలంలో హిమాలయాలు దాటి వచ్చే పట్టెతల బాతులు, లోతు తక్కువ నీళ్లలో నత్తలు ఏరుకునే నత్తగుల్ల కొంగలు ఈ చెరువు మీదే బతుకుతాయి.

మిత్రుడు మధ్యాహ్నమే ఒక సీసా నింపాడు. ఒడ్డున వల బాగుచేసుకుంటున్న పెద్దాయన చూస్తూ ఊరుకోలేదు.

"పగటి నీళ్లల్ల ఏం చూస్తరు సారూ? పొద్దుగాల చీకటుండంగ రారి. అప్పుడు చేపనే చెప్తది."

"ఏం చెప్తది పెద్దయ్యా?"

"మీదికొచ్చి నోరు తెరుస్తది, గాలికి. ఎండకాలంల, ముందురోజంత మబ్బుంటే ఇంకెక్కువ."

మిత్రుడు చేతిలోని సీసా కింద పెట్టేశాడు. తను తరగతిలో ఏళ్లుగా చెప్తున్న పాఠాన్ని పెద్దాయన రెండు ముక్కల్లో చెప్పాడు. పగలు నాచు ఎండను వాడుకుని నీళ్లలోకి ఆక్సిజన్ వదులుతుంది. రాత్రి అదే నాచు, చేపలు, అడుగు బురద అన్నీ కలిసి ఆ ఆక్సిజన్‌ను ఖర్చుచేస్తాయి. అన్నిటికంటే తక్కువ మిగిలేది తెల్లవారుజామున. మబ్బు రోజైతే పగటి నిల్వే తక్కువ.

మర్నాడు చీకటుండగానే పెద్దాయన మమ్మల్ని తెప్ప ఎక్కించుకున్నాడు. మూడు వందల మిల్లీలీటర్ల గాజు సీసాను మిత్రుడు బుడగ రాకుండా నీళ్లలోనే ముంచి నింపాడు. మాంగనీస్ సల్ఫేట్ వేశాడు, ఆ వెంటనే క్షార అయోడైడ్ ద్రావణం. మూత బిగించి తలకిందులుగా తిప్పితే విరిగిన పాలలా ముద్ద కట్టి అడుగుకు దిగింది. ఆక్సిజన్ ఎంతుంటే ముద్ద అంత ముదురు గోధుమ రంగులో ఉంటుంది. 1888లో హంగరీ రసాయనవేత్త వింక్లర్ కనిపెట్టిన పద్ధతి ఇది. నిన్న మధ్యాహ్నపు సీసాలో ముద్ద ముదురుగా వచ్చింది, ఇది పాలిపోయి ఉంది. గట్టు మీద ఆమ్లం వేసి ముద్దను కరిగించి, థయోసల్ఫేట్‌ను బ్యూరెట్‌తో చుక్కచుక్కగా వదిలాడు. గంజి వేయగానే నీలమెక్కింది. ఆ నీలం పోవడానికి నిన్నటికంటే చాలా తక్కువ చుక్కలు పట్టాయి. పెద్దాయన బ్యూరెట్‌కు కళ్లు ఆనించి చూశాడు. నేను ఆయన్నే చూస్తున్నాను.

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి నీళ్లను వాడకాన్ని బట్టి ఐదు తరగతులు చేసింది. వన్యప్రాణులకు, చేపలకు డి తరగతి. లీటరుకు ఆక్సిజన్ కనీసం 4 మిల్లీగ్రాములుండాలి, పీహెచ్ 6.5 నుంచి 8.5, ఫ్రీ అమ్మోనియా 1.2 మిల్లీగ్రాములు దాటకూడదు. ఏ గంటకు చూడాలన్నది ఆ పట్టికలో లేదు. అధికారుల జీపు వచ్చినప్పుడు తీసిన నీళ్లు పదకొండు గంటల సంగతే చెప్తాయి. అమ్మోనియాది మళ్లీ ఎదురు లెక్క. మధ్యాహ్నం నాచు వల్ల పీహెచ్ పెరిగినప్పుడే అది ఎక్కువ విషమవుతుంది. అంటే ఒకే చెరువును ఒకే రోజు రెండుసార్లు చూడాలి.

గంగ మీద పెట్టినట్టు రాత్రింబవళ్లు కొలిచే సెన్సర్లు పెట్టొచ్చు కదా అన్నాను. పెట్టాలి, కానీ నాచు పట్టిన సెన్సరు తప్పు లెక్క చెప్తుంది, తరచూ కడిగే మనిషి కావాలి అన్నాడు మిత్రుడు. ఆ మనిషి పెద్దాయనే, రోజూ తెల్లారక ముందే ఇక్కడ నీళ్ల మీదుంటాడు. సెన్సర్లు లేకున్నా, మొదటి రెండు రసాయనాలు సీసాలో వేసి, మూత బిగించి, ఎండ తగలకుండా చీకట్లో ఉంచితే కొన్ని గంటల దాకా ఆక్సిజన్ లెక్క చెడదు. మిగతా పని ల్యాబ్‌లో చేసుకోవచ్చు. ఇంత చిన్న పనికి ఆయనకు కూలీ కట్టిచ్చి, అభయారణ్యం రిజిస్టర్లో ఆయన పేరు రాయాలని గట్టు మీదే తేల్చుకున్నాం.

పెద్దాయన అడిగింది ఒక్కటే. "కాలువకు నీళ్లిడిచి చెరువు దిగినంక చూడాలె సారూ, ఏప్రిల్, మే. అప్పుడొస్తరా?"

వస్తామన్నాం. మిత్రుడు అప్పుడే అటవీశాఖకు దరఖాస్తు రాయడం మొదలుపెట్టాడు.