సరస్సు ఒడ్డున వారు, చెరువు శిఖంలో మేము

చరిత్ర పాఠంలో “సరోవర గృహాలు” అన్న మాట తొలిసారి విన్ననాడు నాకు నవ్వు వచ్చింది. ఇంత విశాలమైన నేల ఉండగా నీటిపై ఇల్లు కట్టుకొనే అవసరం ఆదిమానవునికి ఎందుకు కలిగిందా అనుకొన్నాను. 2020 అక్టోబరు 13వ తేదీ రాత్రి ఆ నవ్వు నన్ను విడిచిపోయింది.

మా ఇల్లు నాచారంలో, చెరువునానుకొన్న పల్లపు వీధిలో ఉన్నది. ఆ రాత్రి నగరమంతటా కుండపోతగా వాన కురిసింది. అర్ధరాత్రి వేళ నీరు మా గడప దాటింది. అబ్బాజాన్ చెల్లెలిని భుజాన వేసుకొని మేడపైకి చేర్చారు. నేనూ అమ్మీ కలిసి దాదీని మోసుకొని వెళ్ళాము. తెల్లవారి దిగి చూస్తే దాదా మిగిల్చిపోయిన ఉర్దూ పుస్తకాల పెట్టె నీట నాని ఉన్నది. ఎండబెట్టినా పుటలు విడలేదు. వారం తిరగకుండానే బూజు పట్టినవి. దాదీ ఆ పెట్టెను నిమురుతూ, “నీళ్ళు మన ఇంటికి రాలేదు బేటా, మనమే నీళ్ళ ఇంటికి వచ్చినాము. ఒకప్పుడు ఇక్కడిదాకా చెరువే” అన్నది.

ఆ మాట వెంటాడగా మరల ఆ పాఠం తెరిచాను. 1853–54 శీతకాలంలో స్విట్జర్లాండులోని జ్యూరిక్ సరస్సు నీటిమట్టం బాగా తగ్గింది. బయటపడిన నేలను త్రవ్వుతున్న ఓబర్‌మైలెన్ గ్రామస్థులకు బురదలో పాతిన కొయ్యగుంజలు కనిపించాయి. వాటిని పరిశీలించిన ఫెర్డినాండ్ కెల్లర్, ప్రాచీనులు నీటిపై వేదికలు కట్టి నివసించారని భావించాడు. తరువాతి పరిశోధకులు దీనిని సవరించారు: పెక్కు ఇండ్లు సరస్సు నడుమ కాక, నీరు ఎక్కి దిగే చిత్తడి ఒడ్డున ఉండేవి. క్రీ.పూ. 5000 నుండి 500 వరకు ఆల్ప్స్ పర్వతాల చుట్టూ ఇట్టి ఊళ్ళు వెలసినవి. ఆరు దేశాలలోని 111 స్థలాలను 2011లో యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. గాలి చొరని తడి బురద అడుగున వారి గుంజలు, నారబట్టలు, చేపల వలలు, ధాన్యపు గింజలు వేల ఏండ్లు నిలిచినవి. నీరు వారి బ్రతుకును భద్రపరచింది. మా దాదా పుస్తకాలను ఒక్క రాత్రిలో హరించింది. ఎంత విచిత్రం!

తప్పు నీటిదా? కాదు. సరస్సు ఎంతవరకు వస్తుందో ఎరిగి, అవసరమైన చోట ఇంటి అడుగును గుంజలపై ఎత్తుకొన్నవారు వారు. మన కొల్లేటి లంక గ్రామాలవారు సైతం తరతరాలుగా నీటి రాకపోకలను గమనిస్తూనే జీవించారు. మాకు మాత్రం చెరువు శిఖం ఎక్కడ ముగుస్తుందో స్థలం అమ్మినవారు చెప్పలేదు. కొన్న మేమూ అడగలేదు. ఆదిమానవుడు అజ్ఞాని అని నవ్విన నేను, నా ఇంటి క్రింది నేల కథనైనా ఎరుగను.

విద్యార్థి మిత్రులారా! మన బస్తీలలోని పెద్దలను అడిగి, ఏ చెరువు కట్ట ఎక్కడ ఉండెనో, అలుగు ఎటు పారెనో, తూము ఏ పొలానికి నీరిచ్చెనో వ్రాసి పెడదాము. దాదా పుస్తకాలు తిరిగి రావు. దాదీ జ్ఞాపకమైనా నీటిపాలు కాకముందే కాగితం మీదికి చేర్చవలెనని నా కోరిక. ఆ పని నేను ఈ వారమే మొదలుపెట్టాను. ఆ నోటుపుస్తకాన్ని మేడమీది గదిలో, అన్నిటికంటె ఎత్తైన అరలో ఉంచాను.