గుర్తు ఎవరి చేతిలో ఉంది?



"లాగిన్ అయ్యాను పాస్టర్ గారూ, పేజీ మారగానే మళ్ళీ పాస్‌వర్డ్ అడుగుతోంది." స్కాలర్‌షిప్ దరఖాస్తు నింపే మన పిల్లల బాధ ఇది. వెబ్ నడిచే హెచ్‌టీటీపీ పద్ధతికి జ్ఞాపకం లేదు. ప్రతి పేజీకీ మనం కొత్తవాళ్ళమే. అందుకే 1994లో నెట్‌స్కేప్‌ ఇంజనీరు లూ మాంటుల్లి కుకీని కనిపెట్టాడు. లాగిన్ కాగానే సర్వరు ఇచ్చే ఆ చిన్న గుర్తును బ్రౌజరు ప్రతిసారీ చూపించాలి. బ్రౌజరులో కుకీలు ఆపేసి ఉన్నాయేమో, ఫోనులో తేదీ తప్పుగా ఉందేమో చూడండి. రెండూ సరిగా ఉన్నా, వేరే ఫోనులోనూ అలాగే అవుతుంటే లోపం చాలావరకు సైటుదే. దిగులు పడకండి.

మన సంఘంలో ఒక పెద్దమ్మగారికి మతిమరుపు ముదిరింది. 40 ఏళ్ళుగా చేసిన ప్రార్థన కూడా ఇప్పుడు నోటికి రావడం లేదు. "అమ్మను ప్రభువు ఇంకా గుర్తుపడతాడా అయ్యగారూ?" అని కూతురు అడిగింది.

తల్లీ, వెబ్‌సైటు దగ్గరికి గుర్తు మనమే పట్టుకెళ్ళాలి. అది జారిపోతే పరాయివాళ్ళం. యెషయా 49వ అధ్యాయం చదువు. దేవుడు మరచిపోయాడని సీయోను వాపోతే, ఆ గుర్తు తన అరచేతిలోనే ఉందని ఆయన చూపించాడు. అమ్మ మరచినా అది చెరగదు. ఆమేన్.