కోవిల్‌పట్టి మేళం, విరుదునగర్ కచ్చేరి

కచ్చేరి అంటే నాకు రెండూళ్ళు గుర్తుకొస్తాయి. కోవిల్‌పట్టి అంటే నాదస్వరం, విరుదునగర్ అంటే లైట్ మ్యూజిక్. రెండిటికీ నడుమ సాత్తూరు మీదుగా గంట బస్సు.

నాయన మిల్లు పని దావణగెరెలో కాబట్టి నా చదువంతా కన్నడ మీడియమే. ఏప్రిల్‌లో పరీక్షలు అయిపోయిన మర్నాడే బయల్దేరితే కోవిల్‌పట్టిలో సెణ్బగవల్లి అమ్మవారి పంగుని తిరునాళ్ళ చివరి రోజులు దొరికేవి. రాత్రి పల్లకీ వీధి మూలకు వచ్చి ఆగేది. మేళం వాళ్ళు అక్కడే నిలబడి రాగం ఎత్తుకునేవాళ్ళు. మైకు ఉండదు. ఉండక్కర్లేదు, నాదస్వరం నాలుగు వీధులకు వినిపిస్తాది. నన్ను తాత తవిల్ వాయించే ఆయనకు రెండడుగుల దూరంలో నిలబెట్టేవాడు. "ఈడ నిలబడి ఇనరా, దూరంగా ఇంటే శబ్దమే ఇనపడతాది, దగ్గరుంటే ఊపిరి ఇనపడతాది" అనేవాడు. నిజమే. వాయించే ఆయన బుగ్గలు నిండడం, సీవాళి సర్దుకోవడం, పక్కాయన ఒకే స్వరం పట్టుకొని నిలబడి ఉండడం, ఇవన్నీ క్యాసెట్‌లో రావు.

విరుదునగర్ మామ ఊరు. అక్కడ పరాశక్తి మారియమ్మన్ పంగుని పొంగల్‌కు ఎగ్జిబిషన్ పెడతారు, రాత్రి స్టేజీ మీద ఇళయరాజా పాటలు. బాక్సుల పక్కన కూర్చుంటే డ్రమ్ము గుండెలో మోగేది. పాట రికార్డులో ఉన్నట్టే వస్తే ఈలలు. కీబోర్డులో ఒక్క బిట్టు తప్పినా మామ "పోయింది" అనేవాడు. ఆ తర్వాత నూనెలో వేయించిన పరోటా. దాన్నీ తక్కువ చేసి చెప్పను, ఆ పరోటా కోసమే రెండుసార్లు పోయినట్టున్నా.

ఇప్పుడు నేను చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఏమి రావాలో ముందే రాసుకొని, వచ్చినదాన్ని దాంతో సరిచూడడం. లైట్ మ్యూజిక్‌ను మామ అట్లే వినేవాడు. నాదస్వరానికి ఆ పద్ధతి పనికిరాదు. తోడి ఎత్తుకుంటే అది పావుగంటా, ముప్పావుగంటా అనేది వాయించే ఆయనకు కూడా అప్పుడే తెలుస్తాది.

తాతకు ఈ పిచ్చి పట్టించింది కారుకురిచ్చి అరుణాచలం గారు. 1921లో తిరునెల్వేలి జిల్లాలో పుట్టి, టి.ఎన్. రాజరత్నం పిళ్ళై గారి దగ్గర నేర్చుకొని, కోవిల్‌పట్టిలో స్థిరపడినాయన. 1964లో పోయినారు, నలభై మూడేండ్లు నిండకముందే. ఊళ్ళో ఆయన విగ్రహం ఉంది. 1962లో వచ్చిన 'కొంజుం సలంగై' సినిమాలో ఎస్. జానకమ్మ గొంతుతో పోటీపడే నాదస్వరం ఆయనదే. అదే సినిమా తెలుగులో 'మురిపించే మువ్వలు'. మన ఇండ్లలో రెండూ తెలుసు. తాత మాత్రం ఆ పాట రేడియోలో వస్తే లేచి పోయేవాడు. ఎదురుగా నిలబడి విన్నోడికి ఇదేం లెక్క అని. నాకది చాలా రోజులు గర్వంగా అనిపించేది, ఇప్పుడు కొంచెం అసూయ.

పోయినేడు విరుదునగర్‌లో మామ మనవరాలి పెండ్లి. ముహూర్తానికి గట్టిమేళం ఎటూ ఉంటాది. నేను అడిగింది అది కాదు, సాయంత్రం కూర్చొని వినే నాదస్వరం కచ్చేరి. డబ్బు నేనిస్తానన్నా. పిల్లలకు పాటల ట్రూప్ కావాలి, ఇంకొకరికి కేరళ చెండమేళం కావాలి. "జనం ప్లేట్లు పట్టుకొని లేచి పోతారు బావా, వాయించేవాళ్ళకే అవమానం" అన్నాడు బామ్మర్ది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఎందుకంటే అట్లా జరగడం నేనే చూసినా. చివరికి ఐదు నుంచి ఆరున్నర దాకా నాదస్వరం, ఆపైన ట్రూప్ అని కుదిరింది.

మొదట్లో ముప్పై మంది దాకా ఉన్నారు. ఆరుంబావుకు పదకొండు. లెక్కపెట్టడం నా ఉద్యోగం అలవాటు. ఆ పదకొండులో మా అత్త, ముందు వరసలో, పెదాలు కదుపుతా ఉంది. ఆమెకు సంగీతం తెలుసని మాలో ఎవరూ ఎప్పుడూ అనుకోలేదు.

అయిపోయినాక నాదస్వరం ఆయన నేరుగా అత్త దగ్గరికి వచ్చి "మీరు తెలుగాళ్ళామ్మా" అని తమిళంలో అడిగినాడు. ఆయనకు తెలుగు రాదు. త్యాగరాజ కృతులన్నీ గురువు తమిళ అక్షరాల్లో రాయించి నేర్పినాడంట. నాదస్వరంలో వేళ్ళు సాహిత్యం వెంటే నడవాలి కాబట్టి ఎక్కడ మాట విరవాలో, ఎక్కడ బతిమాలినట్టు ఊదాలో చెప్పినాడు, అర్థం మాత్రం చెప్పలేదు. "చలము అంటే ఏమమ్మా? ముప్పై ఏండ్లుగా వాయిస్తున్నా" అన్నాడు.

నేను మధ్యలో దూరి, కన్నడలో 'ఛల' అంటే పట్టుదల, మంచి మాటే అని ఏదో మొదలుపెట్టినా. అత్త చేత్తో ఆపేసింది. "సలం పట్టడం అంటే ఏముంది సామీ, మావోళ్ళు నీకు గంటన్నరే ఇస్తామని కూర్చున్నారే, అదే సలం."

ఆయన పడీపడీ నవ్వినాడు. తర్వాత మండపం మెట్ల మీద కూర్చొని ఇంకో పది మాటలు అడిగినాడు. లోపల ట్రూప్ సౌండ్ చెక్ మొదలైంది. అత్తకు అందులో రెండు మాటలు తెలియలేదు, ఒకటి నాకు తెలిసింది. తాత ఉండి ఉంటే ఎన్ని చెప్పేవాడో.

ఆ రోజే తెలిసింది, అత్త చిన్నప్పుడు ఎట్టయపురంలో ఉన్నారని. కోవిల్‌పట్టికి సుమారు 15 కిలోమీటర్లు. అక్కడి పాలెగాళ్ళ ఇంటి భాష తెలుగే. ముత్తుస్వామి దీక్షితులు 1835లో దీపావళినాడు పోయింది ఆ ఊళ్ళోనే. ఆ వంశంలో సుబ్బరామ దీక్షితులు 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని'ని 1904లో అచ్చు వేయించింది కూడా అక్కడే, అదీ తెలుగు అక్షరాల్లో, సుమారు 1,700 పేజీలు. బెంగళూరులో ఒక స్నేహితుడి ఇంట్లో ఆ పుస్తకం చూసినప్పుడు, కన్నడ బడిలో చదివిన నేను దాన్ని కూడబలుక్కొని చదివేసినా.

ఏటా దీపావళికి దీక్షితుల సమాధి దగ్గర పాడతారు. ఈసారి పోదామంటే అత్త వెంటనే సరేనంది. కారులో ముందు సీటు తనదేనని, దారిలో కడలైమిఠాయికి కోవిల్‌పట్టిలో ఆపాల్సిందేనని ఇప్పుడే చెప్పి పెట్టింది.