పానా అందించువాడు

అమెరికాలో కాపురముండు తెలుగువానికి కొదువైనదేదని నన్నెవరైనను అడిగినచో, గోంగూర యని గాని, ఆవకాయ యని గాని, బంధుదర్శనమని గాని చెప్పను. గోంగూర మా నోవై పట్టణపు అంగళ్లలో కట్టలు కట్టలుగా దొరకుచున్నది. బంధువులు వేసవి తలయెత్తగానే విమానముల నిండుగ దిగుచున్నారు. వేంకటేశ్వరుడంతటివాడే ఈ ఊర ఆలయము కట్టించుకొని మంచులోను కొలువుదీరి యున్నాడు. కొదువైనవాడు ఒక్కడే. కారు క్రింద వెల్లకిల బడియున్న మనుష్యుడు ప్రక్కకు చేయి చాపినంతనే, కావలసిన పానాను ఆ చేతిలో పెట్టువాడు ఈ దేశమున లేడు. ఈ లోపమును గూర్చి ఆర్థికశాస్త్రవేత్తలు గాని, ప్రవాసజీవనమును వర్ణించు కథకులు గాని పట్టించుకొనకుండుట నాకు మొదట విస్మయమును, ఈ శీతకాలము మొదలుకొని ఆగ్రహమును కలిగించుచున్నది.

నాకొక జర్మను కారు కలదు. దాని పేరు చెప్పుట మర్యాద గాదు. క్రొత్తదై యున్నప్పుడు ఏ వైద్యుడో న్యాయవాదియో కొని, దానిలోని సుఖమునంతయు అనుభవించి, హామీగడువు తీరునాటికి వదలించుకొనగా, చవుకగా వచ్చినదను సంబరముతో నేను దానిని ఇంటికి తెచ్చుకొంటిని. డెట్రాయిటు చుట్టుప్రక్కల గోతుల రోడ్లపై సైతము అది కప్పులోని కాఫీ తొణకకుండ నడచినది. గత జనవరిలో, ఎముకలు కొరుకు చలి పెట్టిన ఒక రాత్రి గడచి తెల్లవారి చూతును గదా, ముందరి కుడిమూల నేలకు క్రుంగియున్నది. చక్రమునకును పైరేకునకును నడుమ వ్రేలు దూరు సందైనను లేదు. ఇంజను వేయగా, లోపలనెక్కడనో ఒక చిన్న యంత్రము గుర్రుమని మూల్గి, ఆ మూలను మెల్లగా పైకెత్తినది. మరునాడు మరల క్రుంగినది. పోను పోను మూల్గుట హెచ్చి, ఎత్తుట తగ్గినది.

ఇట్టి కారులలో చక్రముమీద ఉక్కుస్ప్రింగు ఉండదు. దానికి మారుగా రబ్బరుతో చేసిన గాలితిత్తి యుండును. మన ఊరి కమ్మరి కొలిమితిత్తిని నిలువుగా నిలిపి, రెండు టన్నుల బండిలో ఒక మూల బరువు దానిపై మోపినచో ఎట్లుండునో అట్టిదే యిది. దానిలోని ఒత్తిడి టైరులోని ఒత్తిడికి మూడు నాలుగు రెట్లుండును. మూలమూలను ఎత్తు కొలుచు సెన్సార్లు, ఏ మూలకెంత గాలి కావలెనో నిర్ణయించు కంప్యూటరు, గాలిని పంచిపెట్టు వాల్వులు, ఆ గాలిని పట్టి నొక్కి పంపు కంప్రెసరు, ఇంత పరివారము ఆ తిత్తిని సేవించుచుండును. బండి ఎగిరిపడినప్పుడెల్ల ఆ రబ్బరు తన అంచుమీద తానే మడతపడుచు విడివడుచు నుండుటచేత, ఏండ్లు గడచినకొలది ఆ మడతకడనే సన్నని పగుళ్లు పుట్టును. చలికి రబ్బరు బిగుసుకొన్నప్పుడు పగులు నోరు తెరచును, గాలి కారిపోవును. కారినదానిని పూరించుటకు కంప్రెసరు విశ్రాంతి యెరుగక తిరిగి తిరిగి తుదకు తానును కాలిపోవును. సకాలమున మేల్కొన్నవాడు తిత్తి ధరతో బయటపడును. ఉపేక్షించినవాడు కంప్రెసరును, దాని రిలేను కూడ కొనితెచ్చుకొనును.

సర్వీసుకేంద్రమునకు పోతిని. అచటి యువకుడు నన్ను మెత్తని కుర్చీలో కూర్చుండబెట్టి, కాఫీ ఇచ్చి, మిక్కిలి సౌమ్యముగా ఒక కాగితము నా చేతిలో పెట్టినాడు. ముందరి రెండు స్ట్రట్లకును కూలికిని కలిపి అందున్న మొత్తముతో, మా నాయనగారు తమ జీవితకాలమున కొన్న వాహనములన్నియు, సైకిలు మొదలుకొని, వారిచ్చిన వెలలకే మరల కొనవచ్చును. చిరిగినది రబ్బరు మాత్రమే గదా, రబ్బరు మార్చి తక్కినది ఉంచరాదా యని అడిగితిని. ఉంచరట. తిత్తియు, లోపలి షాకబ్జరును, పైమూతయు కలిసి స్ట్రట్టను ఒక్క వస్తువే. ఒకటి పోయినచో మూడును పోయినట్లే. విజయవాడలో లారీలు త్రిప్పు మా బావగారు ఈ సంగతి విని ఫోనులో చాలసేపు నవ్వినారు. "బెలో చిరిగితే బెలో మారుస్తారు గానీ స్ట్రట్టు మొత్తం పారేస్తారుటయ్యా? ఇక్కడికి పంపించు, మనవాళ్లు పూటలో రబ్బరు ఎక్కించి ఇస్తారు" అన్నారు. ఇనుమును విమానమెక్కించుటకు ఎంతగునో నేనాయనకు చెప్పలేదు. చెప్పినచో ఆయన చెప్పినదే తప్పన్నట్లగును. ఆయన చెప్పినది తప్పు గాదు.

గాలినంతయు తీసివేసి ఉక్కుస్ప్రింగులు బిగించుకొను మార్గమొకటి కలదు. అందుకు కావలసిన సరంజామా పెట్టెలలో పెట్టి అమ్ముచున్నారు. ఇది నేటి ఉపాయము గాదు. ఇదే డెట్రాయిటు నగరమునుండి 1957లో కాడిలాక్ వారు ఎల్డొరాడో బ్రూం అను భాగ్యవంతుల వాహనమును గాలితిత్తులపై నిలిపి లోకమునకు చూపగా, దానిని కొన్నవారిలో పలువురు, తిత్తులు కారి కారి విసిగింపగా, స్ప్రింగులే మేలని మార్పించుకొనిరి. అరువదియేండ్లు దాటినను గాలి స్వభావము గాలిదే. ఐనను, ఆ మెత్తదనము కొరకే గదా ఆ కారును కట్టుకొన్నది. స్ప్రింగులమీదనే ఊరేగవలెనన్న జపాను కారు చాలునను పౌరుషముతో, బయటి తయారీదారులు చేసిన స్ట్రట్లను చాల తక్కువ వెలకు తెప్పించితిని. జతగా తెప్పించితిని, ఒక ప్రక్కది పోయినదన్న దాని ఈడుదే యైన రెండవది ప్రయాణసన్నాహములో నుండునని పెద్దలు చెప్పుటచేత. బిగించుట నా చేతులతోనే.

ఇక్కడ ఈ దేశమును మెచ్చుకొనక తప్పదు. మా వీధిలోని దంతవైద్యుడొకడు ఆదివారమునాడు నూనెమరకల చొక్కా తొడిగికొని తన కారు క్రింద దూరును. దారినపోవువారు చేయి యూపుదురే గాని జాలిపడరు. నేను అదే పని చేయుట ఫోనులో చూచిన మా అమ్మ మాత్రము, "ఇంత చదువూ చదివి అక్కడ మెకానిక్కు పని చేస్తున్నావా నాయనా?" యని కంటతడి పెట్టుకొన్నది. విడిభాగముల దుకాణమునకు పోయి బాల్‌జాయింటును ఊడదీయు పనిముట్టు కావలెనన్నచో, దాని వెలను ధరావతుగా పుచ్చుకొని, తిరిగి యిచ్చిననాడు ఆ సొమ్మును పూర్తిగా చేతిలో పెట్టుదురు, అద్దె లేదు. ముక్కు మొగము తెలియనివానికి ఇట్లు ఎరువిచ్చు దుకాణము మన బందరురోడ్డులో ఎక్కడనున్నది? కౌంటరు వెనుకనున్న వృద్ధురాలు నా కారు పేరు వినగానే, ఏ బోల్టు మొండికెత్తునో, దానిని ముందురాత్రియే ఏ నూనెతో నానబెట్టవలెనో విప్పి చెప్పినది. ఆమెకు నమస్కరింపబుద్ధియైనది. ఐనను, బయటికి వచ్చి ఆలోచించుకొందును గదా, పనిముట్టును ఎరువిత్తురు గాని పనిముట్టునందించు మనిషిని ఎరువియ్యరు.

బోల్టులు మొండికెత్తుటకు ఈ నేలయే కారణము. డెట్రాయిటు నగరము అడుగున, వేయి అడుగులకు పైబడిన లోతున, ఉప్పుగని యొకటి కలదు. శీతకాలమున మంచు కరగుటకై ఆ గని ఉప్పును రోడ్లమీద చల్లుదురు. ఆ ఉప్పునీరు కారుల అడుగుభాగమున జేరి, ఇనుమును ఇనుముతో అతికించును. ఈ రాష్ట్రమున ఏ నట్టును తనంత తాను ఊడిరాదు.

పని క్రమము చెప్పుటకేమి, సులభము. కారును జాకీతో ఎత్తి స్టాండుమీద నిలుపవలెను. జాకీని నమ్మి క్రింద దూరినవాడు ప్రాణముమీద ఆశ వదలుకొన్నవాడే. గాలియంత్రపు ఫ్యూజు పీకవలెను, లేకున్న మనము పనిలోనుండగానే కారు తన ఎత్తును తాను సవరించుకొనబోవును. గాలిగొట్టమును వదులుచేయగా మిగిలిన ఊపిరి బుస్సుమని పోవును. పైన మూడు నట్లు, క్రింద ఒక లావుపాటి బోల్టు, నడుమ పైచేతి బాల్‌జాయింటు, ఒక వైరు. ఇంతే. కాని పైనట్లు విప్పుచున్నప్పుడు క్రింద స్ట్రట్టు పడిపోకుండ పట్టువాడు కావలెను. క్రింది బోల్టును సుత్తితో కొట్టుచున్నప్పుడు టార్చి పట్టువాడు కావలెను. పానా జారి జానెడు దూరమున పడినచో, ఆ జానెడు దూరము కొరకు నేను బోర్లపడి, ప్రాకి, లేచి, నడుము పట్టుకొని, చుట్టుతిరిగి వచ్చి, మరల పడుకొనవలెను. మా శ్రీమతి లోపలి తలుపు ఓరగా తెరచి, "ఏమండీ, ఆ డబ్బేదో వాళ్ల మొహాన కొట్టి రాకూడదూ?" యన్నది. కొంచెము టార్చి పట్టుకొమ్మంటిని. "చేతినిండా పిండి" అని తలుపు వేసికొన్నది. మా చిరంజీవి, పదునాలుగేండ్లవాడు, చెవులలో పాటలు బిగించుకొని వచ్చి, టార్చి వెలుగును గోడమీద వేసి, రెండవచేతిలోని ఫోనును చూచుకొనుచు నిలచినాడు. పదునేడవ నంబరు పానా యిమ్మంటిని. వాడిచ్చినది స్క్రూడ్రైవరు.

విజయవాడ ఆటోనగరులో ఈ దుర్గతి లేదు. మా నాయనగారి అంబాసిడరు వెనుక కమానుకట్టలలో ఏదో ఒక పట్టీ విరుగుచునే యుండెడిది. ఆ బండికి ముందర టార్షనుబార్లు, వెనుక కట్టలు. గాలి యన్నది టైర్లలోనే. వేసవిసెలవులలో వారు నన్నును వెంటబెట్టుకొని షెడ్డుకు పోయెడివారు. మేస్త్రి బండి క్రిందికి దూరగా, వెలుపల కనబడునవి రెండు పాదములు, ఒక చేయి. ఆ చేయి ఏమియు పలుకకుండ అరచేతిని విప్పెడిది. విప్పిన మరుక్షణమున అందులో పానా పడెడిది. లోపలి చప్పుడును బట్టియే అర అంగుళపుదా, ముప్పావుదా యని నిర్ణయించుకొని, గుడ్డతో తుడిచి పెట్టువాడు ఒక కుర్రవాడు. మేస్త్రి ఏనాడును నోరు తెరచి అడిగియెరుగడు, వాడేనాడును తప్పు పానా ఇచ్చియెరుగడు. ఇంతటి పొందిక మీ సర్వీసుకేంద్రములలో లేదని ఇచటి మిత్రులతో నేను పలుమారులు గొప్పలు చెప్పుకొన్నాను.

ఈ గొప్ప ఎంతో దూరము సాగదు. ఆ కుర్రవాడు నా ఈడువాడే. నేను స్టూలుమీద కూర్చుండి గోల్డుస్పాటు త్రాగుచుంటిని. వాడు సెలవులకు వచ్చినవాడు గాడు. దసరాకు పోయినప్పుడును వాడక్కడనే యుండెను. వానినందరును "ఒరేయ్" అని పిలుచుటయే గాని పేరుతో పిలుచుట నేను వినలేదు. ఒకనాడు నా ఒడిలోని చందమామవైపు అదేపనిగా చూచుచుండగా, చదువుకొమ్మని ఇచ్చితిని. చేతులు నిక్కరుకు రెండుమూడుమార్లు తుడుచుకొని, మసి అంటకుండ అంచులు మాత్రమే పట్టుకొని, బొమ్మ తరువాత బొమ్మగా పుటలు త్రిప్పి, అక్షరముల జోలికి పోకుండ తిరిగి యిచ్చివేసినాడు. అప్పుడే మేస్త్రి చేయి బయటికి వచ్చినది. 1986లో బాలకార్మికుల చట్టము వచ్చినది. 2016లో, కుటుంబపు పనుల వంటి కొన్ని మినహా, పదునాలుగేండ్లలోపు వారిని ఏ పనిలోను పెట్టరాదని దానిని సవరించిరి. ఇచట పానా అందించువాడు ఏల లేడో నాకు బాగుగనే తెలియును. తెలిసియు, నడుము పట్టినప్పుడెల్ల, వానినే తలచుకొందును.

మా ప్రక్కింటి పెద్దమనిషి ఒక కార్ల కర్మాగారమున చిరకాలము పనిచేసి విశ్రాంతి గైకొన్నవాడు. గరాజు తలుపు బార్లా తెరచియున్నందున నా అవస్థ ఆయన కిటికీకి ఉదయమునుండి కనబడుచునే యుండవలెను. మన ఊరైనచో ఈపాటికి పదిమంది గుమిగూడి, తలకొక సలహా ఇచ్చి, ఒకడు టీ తెప్పించి, మరియొకడు ఈ కారు కొనుటయే పొరపాటని తేల్చియుండును. ఈయన మాత్రము రావచ్చునా యని ముందుగా నా ఫోనుకు సందేశము పంపినాడు. ఇరువది అడుగుల దూరమునుండి! నేను అనుమతి పంపిన తరువాత, పనిముట్ల పెట్టెతోను, చక్రములు గల పడకపలకతోను విచ్చేసి, నన్ను లేవమని సైగచేసి, తాను కారు క్రిందికి జారిపోయినాడు.

ఆపైన జరిగినదంతయు ఆయన పని. క్రొత్త స్ట్రట్టును ఒంటిచేతితో పైకి త్రోసినాడు. చక్రము తగిలించి దింపుదమని నేను జాకీమీద చేయి వేయగా గద్దించినాడు; ఖాళీ తిత్తిమీద బరువు దింపినచో రబ్బరు అడ్డదిడ్డముగా మడతపడి, పెట్టెలోనుండి తీసిన దినముననే చినుగునట. చక్రము గాలిలో వ్రేలాడుచుండగనే ఫ్యూజు పెట్టించి, ఇంజను వేయించి, తిత్తి నిండువరకు కదలనీయలేదు. గొట్టపు అతుకుమీద సబ్బునీరు చల్లి బుడగ రాదని కన్నులార చూచినాడు. అప్పుడు కారును దింపించి, రబ్బరుబుష్షులున్న బోల్టులను మాత్రము కారు తన సహజమైన ఎత్తున నిలిచిన పిమ్మటనే గట్టిగా బిగింపవలెనని, నేను బిగించినదానిని విప్పి మరల బిగించినాడు. ఈ నడుమనెల్ల కారు క్రిందనుండి ఆయన చేయి మాటిమాటికి వెలువడి అరచేతిని విప్పుచుండెను. నేను పానాలు అందించుచుంటిని. పదునేడు ఇచ్చితిని; పదునెనిమిది కావలెనన్నాడు. పదునెనిమిది ఇచ్చితిని, రింగు కావలెనన్నాడు. చప్పుడును బట్టి ముందే ఊహింపవలెనని చెవి యొగ్గి ప్రయత్నించితిని గాని ఒక్కమారైనను కుదరలేదు.

కాఫీకి రమ్మన్న రాలేదు. ఎడమప్రక్కది వచ్చే శనివారము వేయుదమని, ఎనిమిది గంటలకు సిద్ధముగా నుండవలసినదని, రెండును ముగిసిన పిమ్మట చక్రముల అలైన్‌మెంటు చూపించుట మరువరాదని చెప్పినాడు. టార్చి మాత్రము ఈమారు నా చేతికి ఇయ్యడట, నా చేయి వణకుచున్నదట. ఆ పని మా చిరంజీవికి అప్పగించి, చెవులలోని పాటలు తీసివేసి రమ్మని వానికి వేరుగా చెప్పి వెళ్లినాడు.