రాళ్ల ఊరు నేర్పిన నీళ్ల పొదుపు

కర్నూలులో నంద్యాల బస్సెక్కి 20 కిలోమీటర్లు దాటారంటే, రోడ్డు పక్కన రాళ్లు గుంపులు గుంపులుగా కనిపిస్తాయి. ఒకటి ఏనుగులా ఉంటే, ఇంకొకటి పిల్లను చంకనెత్తుకున్న తల్లిలా ఉంటుంది. అదే ఓర్వకల్లు. ఆ రాళ్లనే టూరిజం వాళ్లు రాక్ గార్డెన్ చేశారు. 2013లో 'బాహుబలి' సినిమా షూటింగ్ మొదలుపెట్టింది ఇక్కడే. 2021లో విమానాశ్రయం కూడా వచ్చింది. పిల్లలతో ఒక పూట హాయిగా గడపవచ్చు. ఎండ ముదరకముందే వెళ్లండి, తాగే నీళ్లు మాత్రం మరిచిపోకండి.

నీళ్లంటే గుర్తొచ్చింది. నాకు ఓర్వకల్లు అంటే రాళ్లకంటే ముందు మా పెద్దమ్మ ఇంట్లో నీళ్ల కుండే గుర్తొస్తుంది. ఎందుకో చెప్తాను.

2009 మీకు గుర్తుండే ఉంటుంది. ఆ ఏడు వానలు లేక మా సీమ అంతా ఆకాశం వైపు చూసింది. సెప్టెంబరు చివర్లో మొదలైన వాన ఆగలేదు. అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ రెండూ పొంగి కర్నూలు మీద పడ్డాయి. మా ఇల్లు పాతబస్తీలో. పప్పు పొయ్యి మీద ఉండగానే గడప దాటి నీళ్లొచ్చాయి. మూడేళ్ల బాబును ఎత్తుకుని పక్కింటి వాళ్ల మిద్దె ఎక్కాం. ఎటు చూసినా నీళ్లే, తాగడానికి మాత్రం చుక్క లేదు. మిద్దె మీద ట్యాంకులో ఉన్న కాసిని నీళ్లు అంతమందికి ఒక్క పూటలో అయిపోయాయి. కరెంటు లేదు. మరుసటి రోజు బాబు నీళ్లు నీళ్లని ఏడుస్తుంటే ఉండబట్టలేక, వరద కాస్త తీశాక సంపులోంచి ఒక బకెట్ తోడించాను. చూడటానికి తేటగానే ఉన్నాయి. చీర కొంగుతో వడగట్టి తాగించాను. నేను చేసిన తప్పు అదే.

నీళ్లు తగ్గాక మమ్మల్ని ఓర్వకల్లు పెద్దమ్మ ఇంటికి పంపించారు. అప్పటికే వాడికి వాంతులు, విరేచనాలు. కళ్లు లోపలికి పోయాయి, మెడ నిలవడం లేదు. పెద్దమ్మ నన్నొక మాట అడిగింది.

"ఏ నీళ్లు తాపినావ్ మ్మే?"

చెప్పాను.

"వడగడితే చెత్త పోతుంది గానీ రోగం పోతుందా?" అంది. తిట్టలేదు. కాచి చల్లార్చిన నీళ్లు ఒక లీటరు తీసుకుని, ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు కలిపి, చెంచాతో కొంచెం కొంచెం తాగిస్తూనే డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. రెండు రోజులకు వాడు లేచి కూర్చున్నాడు. ఆ రెండు రోజులూ నేను పడిన బాధ ఏ తల్లీ పడకూడదు. అందుకే ఇదంతా రాస్తున్నాను.

పెద్దమ్మ వంటింటి మూల

బోర్లు ఎండిపోయే ఊళ్లో కాపురం చేసిన మనిషి కదా, పెద్దమ్మ ఇంట్లో ఏ రోజూ నీళ్లు లేవన్న మాట ఉండదు. ముందు బట్టను నాలుగు మడతలు వేసి బిందెలోకి వడగడుతుంది. బురదగా ఉంటే పటిక ముక్కను నీళ్లలో రెండు మూడు సార్లు తిప్పి కదపకుండా ఉంచుతుంది. ఇదివరకు చిల్లగింజను అరగదీసి కలిపేవాళ్లట. తెల్లారేసరికి బురద అడుగుకు దిగుతుంది. పైతేటను మాత్రం వంపుకుని కాస్తుంది. పటిక బురదను దించుతుందే కానీ క్రిములను చంపదని ఆమెకు బాగా తెలుసు. కళపెళ మరిగాక ఇంకొంచెం సేపు ఉంచి దించుతుంది. ఒక్క నిమిషం బాగా మరిగినా క్రిములు చస్తాయి. చల్లారాక మూత ఉన్న కుండలో పోస్తుంది. ముంచడానికి పొడుగు కాడ గరిటె. చెయ్యి ముంచితే మాత్రం ఊరుకోదు.

ఓర్వకల్లు మండలం ఆడవాళ్ల పొదుపు సంఘాలకు పేరున్నది. 1990లలో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం సాయంతో అవి బాగా పెరిగాయి. రూపాయి రూపాయి దాచి కష్టకాలంలో వాడుకోవడం వీళ్లకు తెలుసు. "నీళ్లూ అట్లనే మ్మే, ఉన్నప్పుడే దాచాల" అంటుంది పెద్దమ్మ.

మనం చేయవలసింది

ఇప్పుడు చాలామంది ఇళ్లలో ఫిల్టరు మిషన్లున్నాయి. కరెంటు పోతే అవి గోడకు వేలాడే డబ్బాలే. అందుకని ఇవి గుర్తుంచుకోండి.

తాగడానికి, వంటకు కలిపి మనిషికి రోజుకు 4 లీటర్లు లెక్క వేసుకోండి. నలుగురున్న ఇంటికి మూడు రోజులకు 48 లీటర్లు. అంటే 20 లీటర్ల క్యాన్లు మూడుంటే సరిపోతాయి. క్యాన్ల మీద తేదీ రాసి పెట్టుకోండి. నేను నెలకొకసారి ఆ నీళ్లు మొక్కలకు పోసి కొత్తవి పడతాను. కిరోసిన్, రంగులు, పురుగుమందు పోసిన డబ్బాలు ఎంత కడిగినా తాగే నీళ్లకు పనికిరావు. వరద భయమున్న చోట క్యాన్లు మిద్దె మీది గదిలో, నీడలో ఉంచండి.

కాచడానికి గ్యాసు లేకపోతే మందుల షాపులో క్లోరిన్ మాత్రలు దొరుకుతాయి. ఏ మాత్ర ఎన్ని లీటర్లకో ప్యాకెట్ మీద చూసి వేసి, అర గంట ఆగి తాగండి. బ్లీచింగ్ పౌడర్ మాత్రం కంటి కొలతతో తాగే నీళ్లలో వేయకండి.

అదీ లేదా? మన సీమకు ఎండ కరువా! రంగులేని తేట ప్లాస్టిక్ సీసాల్లో, రెండు లీటర్లకు మించనివాటిలో, తేరిన నీళ్లు నింపి కాగితం పీకేసి మంచి ఎండలో ఆరు గంటలు పడుకోబెట్టండి. మబ్బు ఉంటే రెండు రోజులు ఉంచాలి. బురద నీళ్లకు ఇది పనిచేయదు.

ఒక్క జాగ్రత్త. కాచినా, ఎండబెట్టినా క్రిములే పోతాయి. ఉప్పు, ఫ్లోరైడ్, పురుగుమందు పోవు. అలాంటి అనుమానం ఉన్న నీళ్లు అసలు ముట్టుకోకండి. వరద నీళ్లు కలిసిన సంపును పూర్తిగా తోడించి, బ్లీచింగ్ తో రుద్ది కడిగించనిదే వాడకండి. కొత్తగా సంపు కట్టేవాళ్లు మూతను నేల కంటే ఎత్తుగా పెట్టించుకోండి.

మొన్న మళ్లీ ఓర్వకల్లు వెళ్లాం. ఆ రోజు మెడ నిలపలేని మా వాడు ఇప్పుడు కాలేజీ కుర్రాడు. రాళ్లన్నీ ఎక్కి దిగి, ఎండకు వాడిపోయి పెద్దమ్మ ఇంటికొచ్చాడు. ఆమె ఏమీ అడగకుండా అదే మూలకు పోయి, పొడుగు గరిటెతో ముంచి చెంబు నిండా నీళ్లిచ్చింది. గటగటా తాగేశాడు. నేను మాత్రం ఆ చెంబు వైపే చూస్తూ ఉండిపోయాను.

మీరు ఓర్వకల్లు ఎప్పుడు వెళ్తారో మీ వీలు. ఈ సాయంత్రం మాత్రం వంటింట్లో ఒకసారి నిలబడి, రేపు కుళాయి రాకపోతే మీ పిల్లలకు ఎన్ని పూటలకు మంచినీళ్లున్నాయో లెక్కపెట్టుకోండి.