బాండు ఆరేదాకా

మోటార్‌సైకిల్ క్లచ్ సంగతి వస్తే అందరూ ప్లేట్ల గురించే మాట్లాడతారు. ఒరిజినల్ వేశారా, లోకల్ వేశారా, ఎంతయింది అని. నిజానికి ఆ పని మొత్తంలో సులువైనది ప్లేట్లు మార్చడమే. స్ప్రింగుల బోల్టులు విప్పి, పాతవి ఏ వరసలో వచ్చాయో అదే వరసలో కొత్తవి పేర్చాలి: ఒకటి రాపిడి ప్లేటు, ఒకటి స్టీలు ప్లేటు. కష్టమంతా దానికి ముందూ వెనకా ఉంది. అసలు విప్పాలా వద్దా అని తేల్చుకోవడం ముందు పని, విప్పిన కవరును ఆయిలు కారకుండా మళ్ళీ మూయడం వెనక పని. రెండూ చేతివాటం కన్నా తీరికను ఎక్కువ అడుగుతాయి. అందుకే ఈ పని ఇంట్లో చేసుకోవడమే మేలంటాను. డబ్బు మిగులుతుందని మాత్రం కాదు. మిగిలే కాస్తా స్పానర్ల సెట్టుకే చెల్లిపోతుంది.

‘క్లచ్ పోయింది’ అనే తీర్పు మన దగ్గర చాలా తొందరగా వెలువడుతుంది. యాక్సిలరేటర్ తిప్పితే ఇంజను అరుస్తుంది, బండి మాత్రం లాగదు. ప్లేట్లు జారుతున్న మాట నిజమే, కానీ జారే ప్లేట్లన్నీ అరిగినవి కావు. కేబుల్లో ప్లే, అంటే కాస్త వదులు, లేకపోతే లివరు వదిలేసినా ప్లేట్ల మీద స్ప్రింగుల ఒత్తిడి పూర్తిగా పడదు. బండి నడిచినంతసేపూ హాఫ్ క్లచ్‌లో నడిచినట్టే. చాలా వంద సీసీ బళ్ళకు లివరు చివర 10 నుంచి 20 మిల్లీమీటర్ల ప్లే ఉండాలి. అడ్జస్టర్ రెండు చుట్లు తిప్పితే తీరే జబ్బుకు ప్లేట్ల సెట్టు అమ్ముడుపోతున్న సందర్భాలు తక్కువేమీ కావు. రెండో అనుమానితుడు ఆయిలు. మన గేరు బళ్ళలో చాలావాటికి క్లచ్ ఇంజను ఆయిల్లోనే తడుస్తూ తిరుగుతుంది. కారుకు పోయగా మిగిలింది ఉంది కదా అని అదే ఇందులోనూ పోస్తే, ఇంజను రాపిడి తగ్గించడానికి కలిపిన రసాయనాలు క్లచ్ పట్టును కూడా తగ్గించవచ్చు. జపాన్ వాళ్ళు 1998లో బైకు ఆయిళ్ళకు ప్రత్యేకంగా జాసో ప్రమాణం తెచ్చింది ఈ తంటా వల్లే. డబ్బా మీద ఎంఏ అనో ఎంఏ2 అనో ఉంటే అది మన క్లచ్‌కు పనికొస్తుంది. ఎంబీ అని ఉంటే గేర్లు లేని స్కూటర్లకు. ప్లే, ఆయిలు రెండూ సరిచూశాక కూడా జారుతుంటేనే కవరు మీద చెయ్యి వెయ్యాలి.

ఆయిలు దించేసి, కిక్ రాడ్డు ఊడదీసి, బోల్టులు విప్పడం దాకా తొందరపడ్డా ఫరవాలేదు. కాకపోతే కవరు బోల్టులన్నీ ఒకే పొడవు ఉండవు. అట్టముక్క మీద కవరు ఆకారం గీసి, ఏ చోటి బోల్టు ఆ చోట గుచ్చుకుంటే మూసేటప్పుడు తడుముకోనక్కర్లేదు. పొట్టిది ఉండాల్సిన చోట పొడుగుది దూర్చి బిగిస్తే పగిలేది అల్యూమినియమే. కవరు ఊడి రాకపోతే చెక్క సుత్తితో చుట్టూ మెల్లగా తట్టాలి. స్క్రూడ్రైవరు సందులో పెట్టి ఎత్తితే పడే గీత కంటికి ఆనదు, రేపు ఆయిలు మాత్రం ఆ గీతలోంచే వస్తుంది. లోపల రాపిడి ప్లేటు దళసరి, స్టీలు ప్లేటు వంపు చూసుకోవాలి. కొత్త రాపిడి ప్లేట్లను వేసేముందు ఇంజను ఆయిల్లో నానబెట్టాలి. స్టీలు ప్లేటు మీద నీలం మచ్చలుంటే అది వేడెక్కి కాలిందని లెక్క. అద్దం పలక మీద పెట్టి చూస్తే వంగిందో లేదో తెలుస్తుంది. ఇదంతా మాన్యువల్లో ఉండే విద్యే.

అసలు పరీక్ష కవరుకూ ఇంజనుకూ నడుమ ఉండే పాత ప్యాకింగ్ గీకడం. ఏళ్ళ తరబడి వేడికి ఉడికిన ఆ కాగితం లోహంలో భాగమైపోయినట్టు అంటుకుని ఉంటుంది. ముందు దూదితో థిన్నరు అద్ది, నానాక, బ్లేడు పడుకోబెట్టి, అటు ఇంజను అంచునూ ఇటు కవరు అంచునూ గోరు పెడితే ఎక్కడా తగలనంత నున్నగా చెయ్యాలి. గీకిన పొట్టు లోపల పడకుండా గుడ్డ కుక్కాలి. చివర ఆయిలు జిడ్డు లేకుండా తుడవాలి, ఎందుకంటే జిడ్డు మీద అతుకుకు రాసే ఏ బాండూ పట్టదు. బళ్ళ లెక్కన సంపాదించే షెడ్డులో ఈ అరగంటకు ఎవరూ డబ్బివ్వరు. అందుకే సగం గీకిన ప్యాకింగ్ మీద బాండు దట్టించి బిగించెయ్యడం అక్కడ మామూలు. ఇందులో మెకానిక్కును తప్పుపట్టేది ఏమీ లేదు. బయట ఇంకో నాలుగు బళ్ళు ఎదురుచూస్తుంటాయి, ఆ నాలుగింటిలో మనదీ ఉంటే త్వరగా కానివ్వమని అరిచేది మనమే.

ఉత్త బాండు చాలదా, కంపెనీలే కొన్ని ఇంజన్ల అతుకులకు ప్యాకింగ్ లేకుండా బాండు వాడుతున్నాయి కదా అనవచ్చు. వాడుతున్నాయి, అవి అలా అతకడానికే చెక్కిన అంచులు గనుక. ప్యాకింగ్‌తో తయారైన కవరులో ఆ కాగితపు మందం కూడా కొలతలో భాగమే. అది తీసేస్తే కవరు ఆ మేరకు లోపలికి జరిగి, లోపలి షాఫ్టుల సందు మారుతుంది. కాబట్టి కొత్త ప్యాకింగ్ వెయ్యాల్సిందే. దానికి తోడుగా బాండు రాయాలనిపిస్తే తమలపాకుకు సున్నం రాసినంత పల్చగా రాయాలి. ఎక్కువైంది బయటికే రాదు, లోపలికీ పొంగుతుంది. అక్కడ గట్టిపడి, ముక్కలై, ఆయిలు జాలీకి అడ్డం పడుతుంది. ఇక బిగించడం: 6 మిల్లీమీటర్ల బోల్టులకు 10 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కల చాలు, అంటే జానెడు స్పానరు చివర ఐదు కిలోలు వేలాడదీసినంత బలం. ఎదురెదురు బోల్టులను మార్చి మార్చి, రెండు మూడు విడతల్లో ఆ బిగువుకు తేవాలి. కారుతుందేమోనన్న భయంతో ఇంకో చుట్టు తిప్పితే త్రెడ్డు పోతుంది, అప్పుడు నిజంగానే కారుతుంది. సిలికాన్ బాండు గాలిలోని తేమతో గట్టిపడే సరుకు. పైన పొర పావుగంటలో కట్టినా లోపలంతా ఆరడానికి ఒక రోజు పడుతుంది. కస్టమరు బల్ల మీద కూర్చుని గడియారం చూస్తున్న షెడ్డులో ఆ రోజు ఎక్కడి నుంచి వస్తుంది? ఇంట్లో అయితే శనివారం సాయంత్రం మూసి ఆదివారం సాయంత్రం ఆయిలు పోసుకోవచ్చు.

ఇల్లు షెడ్డు కాదన్న మాట కూడా నిజమే. కొన్ని బళ్ళలో ప్లేట్లు బయటికి రావాలంటే నడుమ ఉన్న గాళ్ళ నట్టు విప్పాలి. దానికి వేరే సాకెట్టూ, హబ్బు తిరగకుండా పట్టుకునే సాధనమూ కావాలి. ఉలి పెట్టి సుత్తితో కొట్టి విప్పేవాళ్ళున్నారు, ఆ దారి వద్దు. మీ బండి ఆ రకమో కాదో మాన్యువల్లో ముందే చూసుకుని, అయితే ఆ ఒక్క పనికీ మెకానిక్కును ఇంటికే పిలిచి, గీకడమూ మూయడమూ మీరుంచుకోండి. దించిన ఆయిలు డ్రైనేజీలో పోయకుండా డబ్బాలో పట్టి వాడిన ఆయిలు తీసుకునే చోట ఇవ్వండి. వారంటీ గడువు తీరని బండి కవరు మాత్రం ఎంత తీరికున్నా విప్పకండి.